రెక్క కొసకు కాపలా ఎవరు? ఐకావోకు, విమానాశ్రయ నిర్వాహకులకు, విమాన తయారీదారులకు ఒక బహిరంగ లేఖ

మాన్యులైన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ప్రతినిధులకు, వివిధ దేశాల విమానయాన నియంత్రణ సంస్థల అధికారులకు, విమానాశ్రయాలను నడిపేవారికి, విమానాలను తయారు చేసేవారికి నమస్కారాలు.

నేలమీద టాక్సీ చేస్తున్న, అంటే తన చక్రాల మీద నడుస్తూ వెళ్తున్న విమానం రెక్క కొస, పక్కన ఆగి ఉన్న మరో విమానం తోకకో, దీపస్తంభానికో, సర్వీసు వాహనానికో, భవనం గోడకో తగిలే ప్రమాదాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. రన్‌వే మీద జరిగే ప్రమాదాలతో పోలిస్తే ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. 1977లో టెనెరీఫ్‌లో, 2001లో మిలాన్‌లోని లినాటేలో రన్‌వే మీద విమానాలు ఢీకొన్నప్పుడు జరిగిన ప్రాణనష్టం ప్రపంచాన్ని కదిలించింది. ఆ తర్వాత రన్‌వేల రక్షణకు రాడార్లు, హెచ్చరిక వ్యవస్థలు, ప్రత్యేక కార్యాచరణ ప్రణాళికలు వచ్చాయి. అది న్యాయమే. టాక్సీవే (రన్‌వేకు వెళ్లివచ్చే దారి) మీద, ఏప్రన్ (విమానాలు నిలిపే ఆవరణ) మీద రెక్కలు తగిలినప్పుడు సాధారణంగా ఎవరూ చనిపోరు. విమానం మరమ్మతుకు పోతుంది, ప్రయాణికులు దిగి వేరే విమానం ఎక్కుతారు, బీమా సంస్థలు లెక్కలు తేల్చుకుంటాయి. ఇంధనం నిండిన రెక్క, మనుషులతో నిండిన మరో విమానాన్ని చీల్చుకుంటూ పోయిన సంఘటనను మరమ్మతు ఖర్చుగా మాత్రమే చూడటం సరికాదని నా అభిప్రాయం.

ఇదేమీ కొత్తగా బయటపడిన సమస్య కాదు. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో టాక్సీ చేస్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎ380 రెక్క, ఒక చిన్న సీఆర్‌జే విమానం తోకకు తగిలి, ఆ విమానాన్ని ప్రయాణికులతో సహా ఉన్నచోటనే గిర్రున తిప్పేసింది. అదే ఏడాది జూలైలో బోస్టన్‌లో బోయింగ్ 767 వింగ్‌లెట్ (రెక్క చివర పైకి వంగిన కొస) మరో ప్రాంతీయ విమానం తోకను కోసింది. 2012 మేలో షికాగోలో 747 సరకు విమానం రెక్క కొస ఎంబ్రాయర్ విమానం తోకను దెబ్బతీసింది. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, కాక్‌పిట్ నుంచి రెక్క కొసలు కనిపించని పెద్ద విమానాలన్నింటిలో కెమెరాల వంటి ఢీనివారణ సాధనాలను అమర్చాలని 2012 సెప్టెంబరులో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు తప్పనిసరి నిబంధన కాలేదు. ఆ తర్వాత 2018లో ఇస్తాంబుల్‌లో ఏషియానా ఎ330 రెక్క తగిలి టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఎ321 నిలువు తోక పక్కకు ఒరిగిపోయింది. 2023 జూన్‌లో టోక్యో హనేడాలో రెండు ఎ330లు తగులుకున్నాయి. 2024 మార్చిలో కోల్‌కతాలో ఇండిగో విమానం రెక్క, రన్‌వే మీదికి వెళ్లేందుకు వేచి ఉన్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్కకు తగిలింది. 2024 సెప్టెంబరులో అట్లాంటాలో డెల్టా ఎ350 రెక్క దెబ్బకు సీఆర్‌జే-900 తోక ఊడిపోయింది. 2025 ఫిబ్రవరిలో సియాటిల్‌లో జపాన్ ఎయిర్‌లైన్స్ 787 రెక్క డెల్టా 737 తోకలోకి దూసుకుపోయింది. దేశాలు వేరు, సంస్థలు వేరు, విమానాల రకాలు వేరు. జరిగిన తీరు మాత్రం దాదాపు ఒక్కటే: ఒకటి ఆగి ఉంది లేదా మెల్లగా కదులుతోంది, మరొకటి దాని పక్కనుంచో వెనకనుంచో వెళ్తోంది, వెళ్లేంత చోటు ఉందని వెళ్లేవారు నమ్మారు.

ఆ నమ్మకానికి ఆధారం ఏమిటన్నదే ఈ లేఖలో నేను అడగదలచిన ప్రశ్న. నిబంధనల ప్రకారం విమానం దేన్నీ ఢీకొనకుండా చూసుకునే అంతిమ బాధ్యత కెప్టెన్‌దే. ఐకావో నిబంధనలు అనుబంధాలుగా ఉంటాయి; వాటిలో 2వ అనుబంధం నేలమీద ఎదురెదురుగా వచ్చే విమానాలు ఏం చేయాలో, ఏది దేనికి దారి ఇవ్వాలో చెబుతూ, మరో విమానాన్ని దాటిపోయే విమానం దానికి తగినంత ఎడంగా ఉండాలని ఆదేశిస్తుంది. ఆ ఎడం ఎంతో కొలిచి చెప్పేవారు మాత్రం ఎవరూ లేరు. 747 వంటి విమానంలో కెప్టెన్ కూర్చునే చోటికి రెక్క కొస పక్కకు ముప్పై మీటర్లకు పైగా దూరంలోనూ, ఎంతో వెనకనూ ఉంటుంది. కిటికీ తెరిచి తల బయటపెడితే తప్ప అది కనిపించదు. టాక్సీ చేస్తూ ఎవరూ ఆ పని చేయలేరు. కాబట్టి పైలట్ చేసేది చూడటం కాదు, అంచనా వేయడం. పక్క విమానం తోక తన కంటికి ఏ కోణంలో కనిపిస్తోందో చూసి, కనిపించని తన రెక్క అక్కడికి చేరేసరికి ఎంత చోటు మిగులుతుందో మనసులో లెక్క కట్టడం. 2011 జూన్‌లో పారిస్ ఎయిర్ షో కోసం లె బూర్జే చేరుకున్న ఎ380 రెక్క కొస ఒక కట్టడానికి తగిలి దెబ్బతింది. ఆ విమానం ఎయిర్‌బస్ సంస్థదే. తయారుచేసిన సంస్థకే ఈ అనుభవం తప్పనప్పుడు, దీన్ని కేవలం నైపుణ్యలోపంగా తీసిపారేయడం కుదరదు.

మలుపుల్లో ఈ అంచనా ఇంకా కష్టమవుతుంది. జెట్ విమానాల రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి వాటి కొసలు ప్రధాన చక్రాల వరుసకు వెనకగా ఉంటాయి. విమానం మలుపు తిరిగేటప్పుడు ఆ చక్రాల వరుస మీది ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. దాంతో మలుపుకు బయటివైపు ఉన్న రెక్క కొస, తిన్నగా వెళ్లేటప్పటికంటే ఇంకా బయటికి చాచుకున్నట్టు విస్తరించి తిరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడు చోటు సరిపోతుందనిపించిన చోటే మలుపు మొదలయ్యాక సరిపోకుండా పోతుంది. పైలట్లకు దీని గురించి శిక్షణలో చెబుతారు. చెప్పిన విషయం తెలిసి ఉండటం ఒకటి, రాత్రివేళ తడి నేలమీద, రేడియోలో మరో ఆదేశం వింటూ, ముప్పై మీటర్ల అవతల అది ఎంత మేర జరుగుతోందో పసిగట్టడం మరొకటి.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. ఐకావో 14వ అనుబంధం విమానాలను రెక్కల వెడల్పును బట్టి ఎ నుంచి ఎఫ్ వరకు వర్గాలుగా విభజించింది. 52 నుంచి 65 మీటర్ల లోపు వెడల్పున్నవి ఇ వర్గం, 65 నుంచి 80 మీటర్ల లోపు ఉన్నవి ఎఫ్ వర్గం. 747-400, 777-300ఈఆర్, ఎ350 మొదటిదానిలోకి, ఎ380 రెండోదానిలోకి వస్తాయి. టాక్సీవే మధ్యగీత నుంచి ఏదైనా వస్తువు కనీసం ఎంత దూరంలో ఉండాలో కూడా ఆ అనుబంధమే నిర్దేశిస్తుంది. ఇ వర్గానికి ఒకప్పుడు 47.5 మీటర్లు ఉండగా 2018లో అమల్లోకి వచ్చిన సవరణతో అది 43.5 మీటర్లయింది. ఎఫ్ వర్గానికి 57.5 నుంచి 51 మీటర్లకు తగ్గింది. అందులోంచి సగం రెక్క వెడల్పును తీసేస్తే, అంటే ఇ వర్గానికి 32.5, ఎఫ్ వర్గానికి 40 తీసేస్తే, రెక్క కొసకు మిగిలే చోటు రెండు సందర్భాల్లోనూ 11 మీటర్లే. అంతకు ముందు ఇది 15, 17.5 మీటర్లుగా ఉండేది. ఈ తగ్గింపును నేను గుడ్డిగా తప్పుపట్టడం లేదు. విమానాలు మధ్యగీత నుంచి ఎంత పక్కకు జరుగుతాయో విమానాశ్రయాల్లో కొలిచి చూశాక, ఆ తేడా చాలా తక్కువని తేలాకే ఈ నిర్ణయం తీసుకున్నారు. టాక్సీవే పక్కన స్థిరంగా ఉండే గోడలు, స్తంభాల విషయంలో ఆ వాదన నిలుస్తుంది. ఆ 11 మీటర్లు నిజంగానే సరిపోతాయి.

కానీ టాక్సీవే పక్కన ఉండేవన్నీ స్థిరమైనవి కావు. రన్‌వే ముందు నిరీక్షణ గీత దగ్గర ఆగాల్సిన విమానం, గీతకు కొన్ని మీటర్ల ఇవతలే ఆగిందనుకోండి. దాని ముందు మరో విమానం ఉండటం వల్ల కావచ్చు, గీత సరిగా కనిపించకపోవడం వల్ల కావచ్చు, వెళ్లేందుకు ఇంకా సమయం ఉందని కావచ్చు. ముక్కు ఎన్ని మీటర్లు వెనకబడిందో తోక కూడా అన్ని మీటర్లు వెనక ఉన్న సమాంతర టాక్సీవే వైపు పొడుచుకు వస్తుంది. 11 మీటర్ల ఎడం ఉండాల్సిన చోట అయిదు మీటర్లో, రెండు మీటర్లో, సున్నాయో మిగులుతుంది. ఇక్కడ ఎవరూ నిబంధన మీరలేదు. గీతకు ఇవతల ఆగడం తప్పు కాదు, గీత దాటడమే తప్పు. వెనక టాక్సీవే మీద వస్తున్న పెద్ద విమానం కచ్చితంగా మధ్యగీత మీదే ఉంది. అందరూ తమ తమ పని సరిగా చేస్తుండగానే రెక్క పోయి తోకకు తగులుతుంది. మన నిబంధనల్లో ఉన్న అసలు ఖాళీ ఇదే. గీత మీద కదిలే విమానానికి ఎంతో శ్రద్ధగా చోటు లెక్కగట్టాం గానీ, ఆగి ఉన్న విమానం తోక ఎక్కడుందో అడిగే పని ఎవరికీ అప్పగించలేదు.

ఆగి ఉన్న విమానంలోని పైలట్‌కు తన తోక కనిపించదు. వెనకనుంచి వచ్చే విమానంలోని పైలట్‌కు తన రెక్క కొస కనిపించదు. టవర్‌లోని కంట్రోలర్‌కు రెండూ కనిపిస్తాయి గానీ, దూరం నుంచి ఏటవాలుగా చూసే కంటికి రెండు విమానాల మధ్య ఎడం ఎంతో తెలియదు. ఇలాంటి చోట్ల వినిపించే మాట ఒకటుంది: పక్క విమానాన్ని చూసుకుంటూ జాగ్రత్తగా వెళ్లండి అని. వినడానికి బాగుంటుంది. అందులో సమాచారం ఏమీ లేదు, బాధ్యత మాత్రమే ఒకరి భుజం మీదినుంచి మరొకరి భుజం మీదికి మారుతుంది. దీనికంటే, గీతకు ఇవతల ఆగిన విమానం ఆ మాటను వెంటనే టవర్‌కు చెప్పాలనీ, వెనక టాక్సీవే మీదికి పెద్ద విమానాన్ని పంపే ముందు ఆగి ఉన్న విమానాన్ని ముందుకు జరగమని కంట్రోలర్ కోరాలనీ, అది కుదరకపోతే పెద్ద విమానాన్ని మరో దారిన పంపాలనీ ఒక స్పష్టమైన విధానం ఉంటే మేలు. దీనికి పరికరాలు అక్కరలేదు. రేడియోలో మాట్లాడే పద్ధతిలో రెండు వాక్యాలు చేరిస్తే చాలు. ఏయే నిరీక్షణ స్థానాల్లో ఏ పొడవున్న విమానం ఆగితే వెనక టాక్సీవే ఇరుకవుతుందో ప్రతి విమానాశ్రయం ముందే లెక్కగట్టి, ఆ చోట్లను పటాలలో హాట్‌స్పాట్‌లుగా, అంటే ప్రమాదం పొంచి ఉన్న చోట్లుగా చూపించడం కూడా కష్టమైన పనేమీ కాదు. హాట్‌స్పాట్‌లను ఇప్పటిదాకా ఎక్కువగా రన్‌వేలోకి పొరపాటున చొరబడే చోట్లకే కేటాయించారు.

పరికరాల సంగతి చూస్తే, కావలసిన సమాచారంలో చాలా భాగం ఇప్పటికే గాలిలో తిరుగుతోంది. ఏడీఎస్-బీ ద్వారా విమానం తన స్థానాన్ని ప్రసారం చేస్తున్నప్పుడు, నేలమీద ఉండగా తన పొడవు, వెడల్పు ఏ శ్రేణిలో ఉన్నాయో, జీపీఎస్ యాంటెన్నా విమానం మీద ఎక్కడుందో తెలిపే వివరాలు కూడా కొత్త తరం ప్రసారాల్లో ఉంటాయి. పెద్ద విమానాశ్రయాల్లో భూతల నిఘా రాడార్లు, మల్టీలాటరేషన్ (విమానం పంపే సంకేతాన్ని పలుచోట్ల అందుకుని దాని స్థానాన్ని తేల్చే) వ్యవస్థలు విమానాల కదలికలను క్షణక్షణం చూపిస్తూనే ఉన్నాయి. ఈ వివరాలను కలిపి, ఆగి ఉన్న విమానం చుట్టూ దాని పరిమాణానికి సరిపడే గీత గీసి, కదులుతున్న విమానం రెక్కలు తుడుచుకుపోయే బాటతో అది కలుస్తుందేమో చూడటం కంప్యూటర్‌కు కష్టమైన లెక్క కాదు. అయినా నేటి భూతల హెచ్చరిక వ్యవస్థల చూపు ప్రధానంగా రన్‌వే మీదే ఉంది. స్థానాల్లో కొన్ని మీటర్ల తేడా ఉంటుందనీ, ప్రసారమయ్యే కొలతలు కచ్చితమైనవి కాక శ్రేణులు మాత్రమేననీ నాకు తెలుసు. అందుకే ఇది రెండు మీటర్ల ఎడాన్ని కొలిచి చెప్పలేదు. అయితే 11 మీటర్లు ఉండాల్సిన చోట అది బాగా తగ్గిందని, ఇద్దరిలో ఒకరు ఆగాల్సి ఉందని చెప్పగలదు. అంతమాత్రం చెప్పినా ఎంతో మేలు.

ఇక విమానం మీద అమర్చే సాధనాలు. 777-300 వంటి పొడవైన విమానాల్లోనూ, ఎ380లోనూ టాక్సీ కెమెరాలు ఇప్పటికే ఉన్నాయి. అయితే వాటిని పెట్టింది ముఖ్యంగా చక్రాలు కాంక్రీటు అంచు దాటకుండా చూసుకోవడానికి, రెక్క కొసల కోసం కాదు. రెక్క కొసకు కెమెరా పెట్టినంత మాత్రాన సమస్య తీరిపోతుందని నేను అనుకోను. కెమెరా చిత్రాన్ని చూడాలంటే పైలట్ తల లోపలికి దించాలి. బయటికి చూడాల్సిన సమయంలో చూపును లోపలికి లాగే సాధనం సగం మందు మాత్రమే. అడ్డంకిని తానే గుర్తించి గొంతెత్తి హెచ్చరించే వ్యవస్థ కావాలి. అదీ తేలిక కాదు. 20 నాట్ల వేగం అంటే సెకనుకు దాదాపు పది మీటర్లు. హెచ్చరిక విని పైలట్ స్పందించడానికి రెండు సెకన్లు, ప్రయాణికులు కింద పడకుండా బ్రేకు వేసి ఆపడానికి మరో పాతిక మీటర్లు వేసుకుంటే, అడ్డంకిని దాదాపు యాభై మీటర్ల ముందే పసిగట్టాలి. స్టాండ్ (విమానాన్ని నిలిపే చోటు) దగ్గర పెద్ద విమానాలకు నిబంధనల ప్రకారం ఉండే ఎడం 7.5 మీటర్లు, 737 తరహా విమానాలకు 4.5 మీటర్లు మాత్రమే. కేవలం దూరాన్ని కొలిచే హెచ్చరిక అక్కడ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది, కొద్దిరోజులకే పైలట్లు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. రెక్క వెళ్లబోయే బాటను ముందుగా లెక్కగట్టి, ఆ బాటలో ఉన్నదాన్ని మాత్రమే చెప్పాలి.

కష్టమన్న మాట నిజమే. అయినా తయారీదారులకు ఒక విషయం గుర్తుచేయాలి. 777ఎక్స్ విమానానికి రెక్కలను 71.75 మీటర్ల దాకా పొడిగించాలనుకున్నప్పుడు, అది ఇ వర్గం గేట్లలో పట్టదని తెలిసి, నేలమీద కొసలు మడుచుకుని 64.85 మీటర్లకు తగ్గేలా బోయింగ్ రూపొందించింది. ప్రయాణికుల విమానం రెక్కకు కీలు పెట్టి, అది గాలిలో మడుచుకోదని నియంత్రణ సంస్థలను ఒప్పించడం కంటే, అదే కొసకు సెన్సర్ పెట్టడం కష్టమంటే నమ్మబుద్ధి కాదు. అమ్మకాలకు అవసరమైనప్పుడు రెక్క కొస మీద ఇంజనీర్ల ప్రతిభ అంతా కేంద్రీకృతమైంది. ఎయిర్‌బస్ తన డ్రాగన్‌ఫ్లై ప్రయోగంలో ఎ350-1000 మీద, అడ్డంకులను చెప్పి హెచ్చరించే టాక్సీ సహాయక పరిజ్ఞానాన్ని కూడా 2023లో పరీక్షించింది. ప్రయోగం నుంచి నిబంధన దాకా ఉన్న దూరాన్ని దాటించాల్సింది నియంత్రణ సంస్థలే. పాత విమానాలన్నింటికీ రేపే అమర్చమని నేను కోరడం లేదు. కొత్తగా ధ్రువీకరణ కోరే పెద్ద విమాన నమూనాలకూ, ఒక గడువు తర్వాత కర్మాగారం నుంచి బయటికొచ్చే ప్రతి పెద్ద విమానానికీ ఇది తప్పనిసరి కావాలని కోరుతున్నాను. 2012లో ఆ అడుగు వేసి ఉంటే ఈపాటికి ఎన్నో విమానాలకు ఈ సాధనం ఉండేది.

నిబంధనల్లోని మరో చీలికను కూడా మీ దృష్టికి తేవాలి. ఐకావో 11వ అనుబంధం ఎయిర్ ట్రాఫిక్ సేవల లక్ష్యాలను చెబుతూ, విమాన సంచార ప్రాంతంలో ఉన్న విమానాలు అక్కడి అడ్డంకులను ఢీకొనకుండా చూడటాన్ని వాటిలో ఒకటిగా పేర్కొంది. కానీ ఆ ప్రాంతం నిర్వచనంలోంచి ఏప్రన్‌ను మినహాయించారు. టగ్గులు (విమానాలను లాగే బండ్లు), సామాను బండ్లు, నిచ్చెనలు, ఇంధన ట్యాంకర్లు, మనుషులు, పుష్‌బ్యాక్ అవుతున్న (బండితో వెనక్కి నెట్టే) విమానాలు అన్నీ ఒకేచోట కిక్కిరిసి ఉండేది ఏప్రన్ మీదే. అక్కడ బాధ్యత కొన్నిచోట్ల టవర్‌ది, కొన్నిచోట్ల విమానాశ్రయం నడిపే ఏప్రన్ నిర్వహణ విభాగానిది, కొన్నిచోట్ల విమానయాన సంస్థ సొంత ర్యాంప్ కంట్రోల్‌ది. ఒక టాక్సీవే మీద ఎవరి అధికారం ఎక్కడ ముగిసి ఎవరిది ఎక్కడ మొదలవుతుందో చూపే గీత, విమానం సగం అటు సగం ఇటు ఉన్నప్పుడు ఏం చెబుతుంది? ముక్కు ఒకరి పరిధిలోనూ తోక మరొకరి పరిధిలోనూ ఉన్న విమానం గురించి ఎవరు ఎవరికి చెప్పాలి? విమానం తోకతో సహా పూర్తిగా తర్వాతివారి పరిధిలోకి వెళ్లేదాకా, అంతకుముందు దాన్ని నడిపిస్తున్నవారిదే బాధ్యత అని ప్రతి విమానాశ్రయంలోనూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

దారి తప్పడం ఈ ప్రమాదాలకు మరో ప్రధాన కారణం. 2013 డిసెంబరులో జోహన్నెస్‌బర్గ్‌లో రాత్రివేళ బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747-400, కుడివైపు తిరిగే టాక్సీవేను వదిలేసి, తిన్నగా సాగే ఇరుకు టాక్సీవేలోకి వెళ్లింది. కుడి రెక్క ఒక కార్యాలయ భవనాన్ని చీల్చుకుంటూ పోయింది. లోపలున్న నలుగురు సిబ్బంది స్వల్ప గాయాలతో బయటపడ్డారు. ఇక్కడ కూడా పైలట్ల పొరపాటు ఉంది, ఎవరూ కాదనరు. అయితే 64 మీటర్ల వెడల్పున్న విమానం తాను పట్టలేని దారిలోకి అడుగుపెట్టినప్పుడు, దానికి అడ్డు చెప్పేది ఏదైనా ఉందా? ఇరుకు టాక్సీవే మొదట్లోనే గరిష్ఠ రెక్క వెడల్పు ఎంతో నేలమీద పెద్ద అక్షరాలతో రాయడం, బోర్డుగా పెట్టడం ఖరీదైన పనులు కావు. సింగపూర్‌లోని చాంగీ, దక్షిణ కొరియాలోని ఇంచియాన్ వంటి విమానాశ్రయాల్లో ఒక్కో విమానం వెళ్లాల్సిన దారిలోనే పచ్చ దీపాలు వెలిగి, మిగతావి ఆరిపోయే ఏర్పాటు ఉంది. పెట్టుబడి పెట్టగల పెద్ద విమానాశ్రయాలకు అది ఉత్తమ మార్గం. స్తోమత లేని చిన్న విమానాశ్రయాలకు రంగు, బోర్డు, విమానానికి ముందు నడిచి దారి చూపే ఫాలో మీ జీపు ఉన్నాయి. నిర్మాణ పనుల కోసం టాక్సీవేలను మూసినప్పుడు, దారులు మార్చినప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

రాత్రి విషయం వచ్చింది కాబట్టి చిన్న సంగతి ఒకటి. విమానం వెనకవైపు చూపాల్సిన తెల్ల దీపం కొన్ని రకాల్లో తోక చివర ఉంటుంది, 737 వంటివాటిలో రెక్కల కొసల వెనక ఉంటుంది. ఆ రెండో రకం విమానం రాత్రి ఆగి ఉంటే, అన్నిటికంటే వెనక పొడుచుకొచ్చే తోక చీకట్లోనే ఉండిపోతుంది. తోక మీది సంస్థ గుర్తును వెలిగించే లోగో దీపాలు చాలా విమానాల్లో ఉన్నాయి గానీ, వాటిని వేయడం ఐచ్ఛికం. నేలమీద ఉన్నంతసేపూ రాత్రిపూట వాటిని వెలిగించాలని చెప్పడానికి కొత్త పరికరం ఏదీ కొననక్కరలేదు.

చివరగా, ఈ సంఘటనలను మనం ఎలా లెక్కిస్తున్నామన్నది. 13వ అనుబంధంలో ప్రమాదానికి ఇచ్చిన నిర్వచనం, నష్టం ఒక ఇంజనుకో, యాంటెన్నాకో, టైర్లకో, రెక్క కొసలకో పరిమితమైతే దాన్ని ప్రమాదంగా పరిగణించనక్కరలేదంటుంది. ప్రమాదాలుగా వర్గీకరించని ఢీకొట్టుళ్లు తీవ్ర సంఘటనల ఉదాహరణల పట్టికలో ఉన్నాయి నిజమే, కానీ ఆ పట్టిక మార్గదర్శకమే. దీపస్తంభాన్ని రాసుకుని వింగ్‌లెట్ విరిగిన సంఘటన ఏ గదిలో పడాలో చివరికి ఆయా దేశాల ఇష్టానికే మిగులుతోంది. మిశ్రమ పదార్థాలతో చేసిన 787, ఎ350 వంటి విమానాల్లో దెబ్బ పైకి కనిపించకుండానే లోపలి పొరలు విడిపోయే అవకాశం ఉన్నప్పుడు, చిన్న తాకిడిని చిన్నదిగా వదిలేసే వెసులుబాటు మనకు లేదు. విమానాశ్రయంలో సేవలందించే వాహనాల తాకిడి కూడా ఇందులో భాగమే. నేలమీద జరిగే నష్టాల ఖర్చు నివారణ చర్యలు లేకపోతే 2035 నాటికి ఏడాదికి 1,000 కోట్ల డాలర్లకు చేరవచ్చని విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2022లో అంచనా వేసింది. తాకితే చెప్పే సిబ్బందికి శిక్ష పడుతుందన్న భయం ఉన్నచోట అలాంటి తాకిడులు నివేదికల్లోకి రావు.

కోల్‌కతా సంఘటన తర్వాత ఇండిగో పైలట్లిద్దరినీ విధులకు దూరంగా ఉంచారు. అది ఆనవాయితీ, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ నిరీక్షణ స్థానాన్ని, అక్కడి గీతలను, అక్కడ పంపే పద్ధతిని ఎవరూ విధులకు దూరంగా ఉంచరు, ఏ దేశంలోనైనా అంతే. మరుసటి గంటకల్లా అదే చోట మరో విమానం నిలబడుతుంది. అనుమానం వచ్చి ఆగిన పైలట్‌ను ఆలస్యానికి బాధ్యుణ్ణి చేయరాదనీ, వింగ్ వాకర్‌ను (రెక్క కొస పక్కనే నడుస్తూ ఎడం చూసే మనిషిని) పంపమని అడిగితే ఎన్ని నిమిషాలు పట్టినా పంపాలనీ విమానయాన సంస్థలూ, విమానాశ్రయాలూ రాతపూర్వకంగా హామీ ఇస్తే, ఈ ప్రమాదాల్లో కొన్నయినా ఆగుతాయని నా నమ్మకం.

కాబట్టి ఐకావో ఎయిర్ నావిగేషన్ కమిషన్‌ను నేను సూటిగా కోరేది ఇది: ఆగి ఉన్న విమానం తోకకూ దాని వెనక టాక్సీవేకూ మధ్య ఉండాల్సిన ఎడాన్ని 14వ అనుబంధంలో ప్రత్యేక ప్రమాణంగా చేర్చండి, ఆ ఎడం తగ్గినప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలో ట్రాఫిక్ విధానాల్లో రాయండి, 13వ అనుబంధంలోని మినహాయింపు నుంచి మరో వస్తువును ఢీకొనడం వల్ల కలిగిన రెక్క కొస నష్టాన్ని తొలగించండి. నియంత్రణ సంస్థలను కోరేది, పెద్ద విమానాల రెక్క కొసలకు హెచ్చరిక సాధనాన్ని తప్పనిసరి చేసే తేదీని ప్రకటించమని. విమానాశ్రయ నిర్వాహకులను కోరేది, మీ టాక్సీవేల పటం ముందుపెట్టుకుని, ప్రతి నిరీక్షణ గీత దగ్గరా మీ విమానాశ్రయానికి వచ్చే అన్నిటికంటే పొడవైన విమానాన్ని గీతకు ఇరవై మీటర్ల ఇవతల ఆగినట్టు గీసి, వెనక ఎంత చోటు మిగిలిందో కొలిచి, ఆ అంకెలను పైలట్లందరికీ తెలిసేలా ప్రచురించమని.

ఇట్లు,
విమానయాన భద్రతను గమనిస్తున్న ఒక ప్రయాణికుడు